పొలము ఓరలు

పాఠ్యభాగము: లేవీయకాండము 19:9–10, రూతు 2వ అధ్యాయము



కోత ముగిసిన చేలో పరిగె ఏరుకొనుట మనలో పెద్దవారికి తెలిసిన పనియే. ఒకప్పుడు ఆ గింజలతోనే పూట గడుపుకొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ఈ నెల పాఠమును వ్యాపారము చేయువారు, చేయదలచినవారు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము.

పంట కోయు ఆసామి పొలము ఓరలను కోయక విడువవలెను. రాలిన వెన్నులను ఏరుకొనరాదు. అవి బీదలకును పరదేశులకును చెందును. ధాన్యము ఇంటికి చేర్చి, అమ్మి, లాభము లెక్క చూచుకొని, అటుపిమ్మట కొంత ధర్మము చేయుమని ఇక్కడ లేదు. కొడవలి ఎక్కడ ఆగవలెనో దేవుడు ముందే చెప్పెను. ఓర ఎంత వెడల్పు ఉండవలెనో ధర్మశాస్త్రము చెప్పలేదు గాని, తరువాతి యూదుల బోధకులు అది 60వ వంతునకు తగ్గరాదని నిర్ణయించిరి. ఈ మాట మిష్నా అను గ్రంథములో ఉన్నది. ఆ 60వ వంతు పంటలోనిది, లాభములోనిది కాదు. ఆ యేడు ఆసామికి నష్టము వచ్చినను బీదవాని భాగము బీదవానిదే.

బోయజు ఇంకొక అడుగు వేసెను. రూతు జోలికి పోవద్దని పనివారికి ఆజ్ఞాపించెను. దాహమైతే పనివారి కుండలలోని నీళ్లు త్రాగుమనెను. భోజనవేళ తనవారితో కూర్చుండబెట్టెను. కట్టలలోనుండి కొన్ని వెన్నులు కావలెనని లాగి పడవేయుడని కూలివారితో చెప్పెను. ఆ సాయంకాలము ఆమె దుళ్లగొట్టగా తూమెడు యవలు తేలెను. యజమానుని దయ పనివారి చేతులలోనికి దిగినందున ఆమెకు అది దక్కినది. మేస్త్రీ కఠినుడైతే ఆసామి మంచితనము గట్టు దాటి చేలోనికి రాదు.

ఇట్టి ప్రయత్నము చేసిన వ్యాపారులు మన కాలమునకు దగ్గరలోను కలరు. కాడ్బరీ చాక్లెట్టు పేరు మన పిల్లలకు కూడ తెలియును. ఇంగ్లాండులో ఆ కంపెనీని నడిపిన రిచర్డు, జార్జి అను సోదరులు క్వేకరు సంఘస్థులు, భక్తిపరులు. 1879లో బర్మింగుహాము నగరపు ఇరుకునుండి కార్ఖానాను ఊరి వెలుపలి పచ్చిక నేలకు మార్చి, ఆ స్థలమునకు బోర్న్‌విల్ అని పేరు పెట్టిరి. 1895 మొదలు జార్జి అక్కడ తోటలు గల ఇండ్లు కట్టించి, 1900లో ఆ గ్రామమును ఒక ట్రస్టుకు వ్రాసియిచ్చెను.

అయితే 1901లో ఆ కంపెనీకి ఒక వర్తమానము అందెను. తాము కోకో గింజలు కొనుచున్న సావో తోమే దీవిలో, పోర్చుగీసువారి తోటలయందు, ఆఫ్రికావారు బానిసలుగా పని చేయుచున్నారట. కంపెనీవారు విచారణ చేయించిరి, 1905లో ఒక మనుష్యుని పంపిరి, ప్రభుత్వములతో మాటలాడిరి. మనము కొనుట మానినయెడల మన మాట ఎవరు విందురని వారి వాదము. కొనుట మానినది 1909లో. ఎనిమిదేండ్లు! ఒక పత్రిక నిందింపగా కోర్టుకు పోయి గెలిచిరి గాని, జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారము ఒక ఫార్దింగు, అనగా పెన్నీలో నాల్గవ వంతు. వారి వాదములో కొంత నిజముండవచ్చును. ఆ ఎనిమిదేండ్లలో ఆ తోటలలో మరణించినవారికి దానివలన ఏమి మేలు కలిగెను? ఇంటి ఎదుటి చేనికి ఓర విడుచుట సులువు. కంటికి కనబడని దూరపు చేనికి విడుచుట కష్టము.

మన దేశములో 2013 కంపెనీల చట్టము, 135వ సెక్షను ప్రకారము, పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి కనీసము 2 రూపాయలు సమాజ హితమునకు వెచ్చింపవలెను. మంచి చట్టమే. మిగిలిన 98 రూపాయలు ఏలాగు వచ్చినవని ఆ సెక్షను అడుగదు. లేఖనము అడుగును.

మనవి చిన్న వ్యాపారములని తప్పుకొనరాదు. రొయ్యల చెరువు త్రవ్వువాడు ఉప్పునీరు ఎటు పోవునో త్రవ్వకముందే చూడవలెను. ప్రక్క చేను చవుడుబారిన పిమ్మట మందిరమునకు ఫ్యానులు కానుకగా ఇచ్చినందువలన ఆ చేను తిరిగి పండదు. ధాన్యపు మిల్లు పెట్టువాడు ఊక, ధూళి ఎవరి యింటిమీద పడునో చూడవలెను. కూలి ఏ పూటది ఆ పూటనే ఇచ్చునట్లు ముందే డబ్బు సిద్ధపరచుకొనవలెను (ద్వితీయోపదేశకాండము 24:15). తూకము సంగతి చెప్పనక్కరలేదు. సామెతలు 11:1 అందరికిని కంఠతా వచ్చును.

భూమికిని ఒక భాగమున్నది. ఏడవ యేట దానిని బీడు విడువవలెనని లేవీయకాండము 25వ అధ్యాయము. ఇశ్రాయేలీయులు అట్లు చేయలేదు; ఫలితము 2 దినవృత్తాంతములు 36:21లో చూడుడు. మన పెద్దలు జీలుగ, జనుము చల్లి దున్ని నేలకు బలము కూర్చెడివారు. ఎరువు బస్తాల కాలములోను ఆ అలవాటు మరల పట్టుకొన్న రైతులను చూచి మేము సంతోషించుచున్నాము.

కూడికలో ఈ పాఠము చెప్పువారు రూతు 2:8–16 ఒక స్త్రీచేత బిగ్గరగా చదివించి, కోత మిషను వచ్చిన పిమ్మట మన ఊరిలో పరిగె ఏమైనదో, దానితో బ్రతికిన విధవరాండ్రు ఇప్పుడు ఏలాగు బ్రతుకుచున్నారో అడుగవలెను. మిషను గల ఆసాములు కూడ ఆ దినము వచ్చునట్లు ముందుగా కబురు పెట్టుడి.