మగ్గమునకు వెబ్‌సైటు : అంగడి తలుపు తెరచియున్నదా?

మన రాజ్యాంగమునకు 73వ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు వానిలో 9వది. అయినను పంచాయతీ సమావేశములలో వీధిదీపములు, మురుగుకాలువలు చర్చకు వచ్చినంత తరచుగా మగ్గము రాదు. మగ్గములున్న గ్రామముల సభ్యులను మేము ఒక్క ప్రశ్న అడుగుచున్నాము : మీ ఊరి చేనేత సహకార సంఘమునకు వెబ్‌సైటు ఉన్నచో, దానిని మీరు ఎన్నడైన తెరచి చూచితిరా?

ఇటీవల మేము అట్టి వెబ్‌సైటు నొకదానిని తెరచితిమి. సంఘము పేరు ఇచట అనవసరము. మొదటి పుటలో ప్రారంభోత్సవపు ఛాయాచిత్రము, పూలదండలు, సంఘ చరిత్ర కలవు. చీరలు మాత్రము ఎంతో వెదకిన పిమ్మట నాలుగు కానవచ్చినవి. వానికి ధర లేదు. అందున్న సంఖ్యకు ఫోను చేయగా అది వాడుకలో లేదని జవాబు వచ్చినది. ఊరి అంగడికి తాళము వేసియున్నచో అందరికిని తెలియును. ఈ అంగడి మూతపడిన సంగతి సంఘము వారికే తెలియదు. వచ్చి మరలిపోయిన కొనుగోలుదారు ఎవరికిని కనబడడు గదా!

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము వంటి ఊళ్ల ఇక్కత్ వస్త్రమునే తీసికొందము. ఇందు నూలును ముందుగా ముడులు కట్టి, రంగులలో ముంచి, పిదప నేయుదురు. కావున పూవు బట్టకు రెండు ప్రక్కలను సమానముగా కనబడును. అచ్చు వేసిన నకలు బట్టకు వెనుక ప్రక్క రంగు సాధారణముగా వెలవెలబోవును. ఈ ఒక్క మాట, దానితో వెనుక ప్రక్క చిత్రమొకటి వెబ్‌సైటులో నుంచినచో, కొనువారికి నకలును గుర్తించుట తెలియును, నేతగాని శ్రమకు విలువయు నిలుచును. భౌగోళిక గుర్తింపు, చేనేత ముద్ర ఉన్నచో వానిని మొదటి పుటలోనే చూపవలెను. దండలు వెనుక పుటకు పోయినను నష్టము లేదు.

ప్రతి చీరకు అంచు, కొంగు, నడిమి భాగము వేరువేరుగా చిత్రింపవలెను. ఉదయపు వెలుగులో, తెల్లని గోడ ముందర తీసిన చిత్రము చాలును. ఫోనులో తీసిన చిత్రము పలు ఎం.బి.ల బరువుండును, దానిని కొన్ని వందల కె.బి.లకు తగ్గింపనిచో పల్లెటూరి సిగ్నలుపై పుట తెరచుకొనదు. పొడవు మీటర్లలో, నూలో పట్టో, రవికగుడ్డ కలదో లేదో, ఉతుకు విధానము, పన్నులతో కూడిన మొత్తము ధర వ్రాయవలెను. ఫోను తెరపై రంగు కొంత భేదముగా కనబడవచ్చునని ముందే చెప్పుట మేలు.

చేనేతలో ఒక చిక్కు కలదు. ఒక్కొక్క రకము ఒకటి రెండు చీరలే ఉండును. గిడ్డంగిలో అమ్ముడుపోయిన చీర వెబ్‌సైటులో నిలిచియున్నచో, సొమ్ము చెల్లించినవారికి దానిని తిరిగి ఇచ్చి క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చును. సాయంకాలము దుకాణపు లెక్క చూచునపుడే దీనిని కూడ సరిచూచుట మంచిది.

చట్టము సంగతియు కలదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారము, ఇట్లు అమ్మువారు తమ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరములు చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. వాపసు, మార్పిడి షరతులు ముందే తెలుపవలెను. అమెరికాలోని తెలుగు కుటుంబములు అడుగుచుండును గనుక, విదేశములకు పార్సెలు పంపుదురో లేదో స్పష్టముగా వ్రాయుట అవసరము.

అన్నిటికంటె ప్రమాదకరమైన లోపము వేరొకటి. వెబ్‌సైటు పేరును దానిని తయారుచేసిన కుర్రవాడు తన పేరిటనే నమోదు చేయించుకొనును. అతడు పట్నమునకు పోవును; గడువు తీరును; పేరు ఇతరుల పాలగును. కావున నమోదు సంఘము పేరిటనే ఉండవలెను. రుసుము చెల్లింపవలసిన తేదీ మినిట్స్ పుస్తకములో వ్రాయవలెను. రహస్యపదము ఇద్దరు బాధ్యుల వద్ద ఉండవలెను. యు.పి.ఐ. చెల్లింపులును సంఘపు ఖాతాకే చేరవలెను. సొమ్ము స్వీకరించుటకు పిన్ నొక్కనక్కరలేదని గుమాస్తాకు బోధింపవలెను. ఈ మోసమునకు చదివినవారు సైతము లోబడుచున్నారు.

సంఘపు వ్యవహారము సంఘమువారిదే. పంచాయతీ దానిపై పెత్తనము చేయరాదు. అయినను రాబోవు సమావేశమున ఒక సభ్యురాలు తన ఫోనులో ఆ వెబ్‌సైటు తెరచి, ఎవరి సాయమును లేకుండ ఒక చీర కొనుటకు ప్రయత్నింపవచ్చును. ఆమె ఎచట ఆగిపోయినదో కాగితముపై వ్రాసి సంఘాధ్యక్షులకు పంపుడు.