కరెంటు బండ్ల చార్జింగు: తీరప్రాంత రైతులకు వైరింగు పాఠము

నెల్లూరు తీరమున విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు మండలములలో వరిమళ్లును రొయ్యల గుంటలును ప్రక్కప్రక్కనే కలవు. మేత బస్తాలు, ఐసు, పాలు, కూరగాయలు మోయుటకు కరెంటు ఆటోలు వాడుకలోనికి వచ్చుచున్నవి. చెన్నై నుండి నెల్లూరు, కావలి మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై కార్లకు శీఘ్ర చార్జింగు కేంద్రములు వెలసినవి. రోడ్డు ప్రక్కన పొలము గల రైతులలో కొందరు ఇట్టి కేంద్రమునకు స్థలము అద్దెకిచ్చుటయో, తామే నెలకొల్పుటయో ఆలోచించుచున్నారు. చార్జింగు కేంద్రమునకు విద్యుత్ చట్టము క్రింద లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018లో స్పష్టము చేసినది. లైసెన్సు అక్కరలేకున్నను భద్రతా నియమములు మాత్రము కలవు. అవి తెలియక తీగ లాగినచో బండి కాలుట, మనిషి చనిపోవుట సంభవించును.

ఈ పాఠములోని ముఖ్య విషయము ఒక్కటే. చార్జింగునకు పోవు కరెంటుకు మొదటి నుండి చివరి వరకు వేరు దారి ఉండవలెను. పంపుసెట్టు స్టార్టరు నుండి గాని, ఏరేటర్ల బోర్డు నుండి గాని, ప్రక్కనున్న మరియొక చార్జరు నుండి గాని దానిని కలుపరాదు. ఎందువలననో క్రమముగా తెలిసికొందము.

1. చార్జింగు రెండు విధములు

బండి బ్యాటరీలో నిలువయుండునది డి.సి. కరెంటు. మన లైనులో వచ్చునది ఎ.సి. కరెంటు. మెల్లని చార్జింగులో 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి ఎ.సి. కరెంటు తీసికొని, బండితోపాటు ఇచ్చిన చార్జరు దానిని డి.సి.గా మార్చును. కరెంటు ఆటో నిండుటకు కొన్ని గంటలు పట్టును. శీఘ్ర చార్జింగులో ఈ మార్పు కేంద్రములోని పెద్ద యంత్రమునందే జరిగి, వందల వోల్టుల డి.సి. కరెంటు లావు తీగ ద్వారా నేరుగా బ్యాటరీకి పోవును. ఎ.సి. కరెంటు సెకనుకు 100 మారులు సున్నాకు వచ్చును గనుక మీట తీసినప్పుడు రవ్వ త్వరగా ఆరును. డి.సి.లో అట్టి విరామము లేదు. రవ్వ పుట్టిన పిమ్మట మండుచునే యుండును. కావున చార్జింగు నడుచుచుండగా పిడిని బలవంతముగా లాగరాదు. యంత్రము తలుపును సామాన్య ఎలక్ట్రీషియను తెరువరాదు.

2. ఎంత కరెంటు కావలెను?

5 అశ్వశక్తుల త్రీ ఫేజు మోటారు ఒక్కొక్క ఫేజున సుమారు 7 లేక 8 ఆంపియర్లు తీసికొనును. 50 కిలోవాట్ల శీఘ్ర చార్జరు ఒక్కొక్క ఫేజున సుమారు 70 ఆంపియర్లు తీసికొనును. అనగా ఒక్క కారు నిలిచినచో తొమ్మిది, పది మోటార్లు ఒకేసారి వేసినట్లే. మన ఊళ్లలోని ట్రాన్సుఫార్మర్లు ఇయ్యగల కరెంటును దీనితో పోల్చి చూడుడు:

25 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు: 35 ఆంపియర్లు
63 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు: 88 ఆంపియర్లు
100 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరు: 139 ఆంపియర్లు

పొలములలోని 25 కె.వి.ఎ. ట్రాన్సుఫార్మరుకు ఇట్టి చార్జరు తగిలించిన ఫ్యూజులు పోవును, లేదా వైండింగు కాలును. కోత ముందర తడి అందని వరి, రాత్రివేళ ఏరేటరు ఆగిన రొయ్యల గుంట ఎంత నష్టము తెచ్చునో రైతులకు చెప్పనక్కరలేదు. కావున శీఘ్ర చార్జరునకు ప్రత్యేక ట్రాన్సుఫార్మరు ఉండుట మేలు.

3. తీగ పొడవు, మందము

మోటారు షెడ్డు నుండి రోడ్డు 60 మీటర్ల దూరమున ఉన్నదనుకొందము. పోవుటకు, తిరిగి వచ్చుటకు తీగ పొడవు 120 మీటర్లు. ఆటో 15 ఆంపియర్లు తీసికొన్నచో రాగి తీగలో జరుగు నష్టము ఇట్లుండును:

1 చదరపు మి.మీ. తీగ: 33 వోల్టులు తగ్గును, 490 వాట్లు వేడిగా పోవును.
2.5 చదరపు మి.మీ. తీగ: 13 వోల్టులు తగ్గును, 200 వాట్లు వేడిగా పోవును.
6 చదరపు మి.మీ. తీగ: 5 లేక 6 వోల్టులు తగ్గును, 83 వాట్లు వేడిగా పోవును.

ఇస్త్రీ పెట్టె కొద్దిసేపే పని చేయును గనుక సన్నని తీగ తట్టుకొనును. చార్జింగు గంటలకొలది ఆగక నడుచును. చుట్టగా చుట్టి నేలపై వేసిన ఎక్స్‌టెన్షన్ తీగలో వేడి బయటికి పోవు దారి లేక పైతొడుగు కరగును. అందుకే పొడిగింపు తీగలతో చార్జింగు చేయరాదని నియమము.

4. అతుకులు, ఉప్పుగాలి

తీగకంటె ముందుగా కాలునది అతుకు. అతుకు వదులై 0.1 ఓము నిరోధము ఏర్పడినదనుకొనుడు. 15 ఆంపియర్లు పోవునప్పుడు అక్కడ సుమారు 22 వాట్ల వేడి పుట్టును. అదే అతుకులో 70 ఆంపియర్లు పోయిన 490 వాట్లు పుట్టును. ఇది చిన్న కరెంటు పొయ్యితో సమానము. కరెంటు రెట్టింపైన వేడి నాలుగు రెట్లగునని గుర్తుంచుకొనవలెను.

సముద్రపు గాలిలోని ఉప్పు తేమ ఇత్తడి, రాగి, ఇనుప భాగములను త్వరగా తినివేయును. అల్యూమినియము తీగను రాగితో నేరుగా మెలిపెట్టినచోట ఈ చెడుగు మరింత వేగముగా జరుగును. అచ్చట బైమెటాలిక్ లగ్గులు వేసి నొక్కు యంత్రముతో బిగింపవలెను. చేతితో మెలిపెట్టి టేపు చుట్టుట పనికిరాదు. పెట్టెలు నీరు, దుమ్ము చొరనివిగా నుండవలెను. తీగలు పెట్టె అడుగు నుండి గ్లాండు ద్వారా లోనికి పోవలెను. ఆరు మాసములకొకసారి కరెంటు ఆపించి బిగింపులు పరీక్ష చేయించవలెను. నల్లబడిన ప్లగ్గును, కాలిన వాసన వచ్చు సాకెట్టును ఒక్కరోజు కూడ ఉంచరాదు.

5. ఎర్తు

బండి రబ్బరు చక్రములపై నిలుచును గనుక దాని లోహభాగమునకు నేలతో సంబంధము లేదు. చార్జరులో ఫేజు తీగ లోహభాగమునకు తగిలి, ఎర్తు తీగ తెగియున్నచో, ఆ కరెంటు పోవుటకు దారి లేక బండిపైననే ఉండును. గుంట గట్టున తడికాళ్లతో వచ్చి తలుపు పట్టుకొన్న మనిషియే దానికి దారి యగును.

శీఘ్ర చార్జరు వంటి త్రీ ఫేజు యంత్రమునకు రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండవలెను. మన తీరపు మెరక ఇసుక నేలలు ఎండకాలమున కరెంటును సరిగా పోనీయవు. ఎర్తు కడ్డీ తేమ తగులు లోతువరకు దిగవలెను. ఉప్పుకయ్యల ప్రక్కన నేల కరెంటును బాగుగా పోనిచ్చును గాని కడ్డీని తినివేయును. అట్టిచోట గుంటలో మరల ఉప్పు పోయుట తప్పు. బెంటనైటు మట్టి నింపి, రాగిపూత గల కడ్డీ వేయవలెను. ఏటేట, వేసవిలో, ఎర్తు నిరోధమును కొలిపించి పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

కొన్ని మోటారు షెడ్లలో ఒక ఫేజును ఎర్తు కడ్డీతో జోడించి దీపము వెలిగించు అలవాటు కలదు. ఈ పద్ధతిన చార్జింగు చేసిన కడ్డీ చుట్టునున్న నేలకే కరెంటు ప్రాకును. ఇది ప్రాణాంతకము.

6. ఎర్తు లీకేజి మీట

ఎర్తు బాగున్న చాలునని తలంచరాదు. ఎర్తు నిరోధము 10 ఓములైన, 230 వోల్టుల ఫేజు లోహమునకు తగిలినప్పుడు పోవు కరెంటు 23 ఆంపియర్లు మాత్రమే. 32 ఆంపియర్ల ఫ్యూజు దీనిని గుర్తింపదు. మనిషి ప్రాణము తీయుటకు అంత కూడ అక్కరలేదు. ఆంపియరులో వందవ వంతులే చాలును.

ఈ పని చేయగలది ఆర్.సి.సి.బి. అను మీట. కాలువ తలలోను చివరను నీరు కొలిచి నడుమ గండి పడినదని కనిపెట్టు లస్కరు వలె, ఇది పోయిన కరెంటును తిరిగి వచ్చిన కరెంటును పోల్చి చూచును. భేదము 30 మిల్లీ ఆంపియర్లకు చేరులోగా లైను తెంపును. చార్జింగునకు 30 మిల్లీ ఆంపియర్లకు మించని మీటయే వేయవలెను. బండి చార్జరు నుండి డి.సి. లీకేజి కూడ రావచ్చును గనుక ఎ.సి. రకము మీట చాలదు. ఎ రకమో, బి రకమో చార్జరు తయారీదారుని సూచన ననుసరించి కొనవలెను. నెలకొకసారి పరీక్ష బొత్తాము నొక్కి చూడవలెను. మాటిమాటికి పడిపోవుచున్నదని మీటను తప్పించి తీగ కలుపుట, గండి పూడ్చక లస్కరును తొలగించినట్లే.

7. అనేక చార్జర్లను కలుపుట

ఒక చార్జరు నుండి రెండవదానికి, దానినుండి మూడవదానికి తీగ కలిపినచో మొదటి తీగపై మూడింటి భారము పడును. ముఖ్య పెట్టె నుండి ప్రతి చార్జరునకు వేరు తీగ, వేరు బ్రేకరు, వేరు లీకేజి మీట ఉండవలెను. ఒకటి చెడిన తక్కినవి పని చేయును. తప్పు ఎచ్చట ఉన్నదో తెలియును.

మెల్లని చార్జింగు సాకెట్లు మూడున్నచో ఫేజుకొక్కటి చొప్పున పంచవలెను. న్యూట్రలు తీగ ఫేజు తీగకంటె సన్నగా ఉండరాదు. న్యూట్రలు తెగినచో కొన్ని సాకెట్లలో వోల్టేజి 230ని మించిపోయి చార్జర్లు కాలును. లోడును తమలో తాము పంచుకొను చార్జర్లు కలవు. వాటి సమాచార తీగలను పవరు తీగలతో ఒకే గొట్టములో వేయరాదు. ఆపదలో అన్నిటిని ఒకేసారి ఆపు ఎర్ర మీట అందరికి కనబడుచోట ఉండవలెను.

8. సర్వీసు

వ్యవసాయ సర్వీసు నీటిపారుదలకు ఇచ్చినది. దానిపై బండ్లు చార్జి చేయుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. రెట్టింపు రేటున సొమ్ము కట్టవలసి వచ్చును. చార్జింగు కేంద్రమునకు దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి ప్రత్యేక సర్వీసు పొందవలెను. పని లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతనే చేయించి, పరీక్షా పత్రము తీసికొనవలెను.

9. తుపాను, వరద

2021 నవంబరు వరదలలో పడుగుపాడు వద్ద రైలు కట్టయే కొట్టుకొనిపోయినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరము వెంబడి సాగి బాపట్ల వద్ద తీరము దాటినది. కావున ఆ స్థలమున పెద్దలు ఎరిగిన వరద మట్టముకంటె ఎత్తుగా దిమ్మె కట్టి, దానిపై చార్జరును నిలుపవలెను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముఖ్య మీట తీసివేయవలెను. నీరు చొచ్చిన యంత్రమును ఎండిన తరువాత కూడ పరీక్ష కానిదే వేయరాదు.

ఉప్పునీట మునిగిన బండి మరింత అపాయకరము. 2022లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున ఇయాన్ తుపాను తరువాత, సముద్రపు నీట మునిగిన కరెంటు కార్లు కొన్ని దినములు గడచి అంటుకొన్నవి. అట్టి బండిని చార్జి చేయక, ఇంటికి, గడ్డివామికి, పశువుల కొట్టమునకు కనీసము 15 మీటర్ల దూరమున ఆరుబయట నిలుపవలెను.

ముఖ్య సూత్రములు

1. ప్రతి చార్జింగు స్థానమునకు వేరు సర్క్యూటు ఉండవలెను.
2. సాకెట్టు నేలకు 80 సెంటీమీటర్లకు తక్కువ కాని ఎత్తున ఉండవలెను.
3. బండి చార్జరునకు 5 మీటర్ల లోపల నిలువవలెను. పొడిగింపు తీగ వాడరాదు.
4. ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల మీట రెండును ఉండవలెను. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.
5. షాకు తగిలిన మనిషిని చేతితో పట్టుకొనరాదు. ముందు మీట తీసి, పిమ్మట 108కి ఫోను చేయవలెను. లైను లోపములకు 1912కు తెలుపవలెను.

పై సూత్రములలో చాలవరకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నియమములలో ఉన్నవే.

అభ్యాసము

1. మీ పొలము ట్రాన్సుఫార్మరు ఎన్ని కె.వి.ఎ.? దానిపై ఎన్ని మోటార్లు కలవు? ఇంకను ఎన్ని ఆంపియర్లు మిగులును?
2. మీ మోటారు షెడ్డు నుండి బండి నిలుచు చోటికి ఎన్ని మీటర్లు? 15 ఆంపియర్లకు ఏ మందము తీగ కావలెను?
3. మీ ఇంట లీకేజి మీట కలదా? దాని పరీక్ష బొత్తామును చివరిసారి ఎప్పుడు నొక్కినారు?

మూడవ ప్రశ్నకు జవాబు తెలియనివారు ఈ సంచికను ప్రక్కన పెట్టి, మొదట ఆ పని చేయుదురు గాక.