బోడకాకర గడ్డ నాటే అదను ఇదే

మృగశిర వానలు పడ్డాయి. ఇంకొన్నాళ్లకు కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతుబజార్లలో బోడకాకర దిగుతుంది, ధరలో చికెన్‌తో పోటీ పడుతుంది. కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ అపార్ట్‌మెంట్లలో ఎండ బాగా తగిలే డాబాయో బాల్కనీయో ఉంటే ఇప్పుడే గడ్డ నాటుకోండి. ఒకసారి కుదురుకుంటే ఏటా అదే చిగురిస్తుంది.

గింజల జోలికి పోవద్దు. పెంకు గట్టిది, మొలక ఆలస్యం. పైగా ఇందులో ఆడ, మగ పూలు వేర్వేరు తీగలకు పూస్తాయి. ఏది ఏదో పూత వచ్చేదాకా తెలియదు. రెండు మూడు ఆడ గడ్డలు, ఒక మగ గడ్డ ఇంటికి చాలు. పూతలో చూసి గుర్తు కట్టిన గడ్డలేనా అని నర్సరీలో గట్టిగా అడగండి. పువ్వు కింద ముళ్ల పిందె ఉంటే ఆడది. రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఇందిరా కంకోడ-1 దొరికితే మరీ మంచిది. ఒడిశా, బెంగాల్ వైపు పండే లావు కాయ వేరే జాతి. దాని పూలు పొద్దున విచ్చుకుంటాయి కాబట్టి మన తీగకు జతగా పనికిరాదు.

కుండీ అడుగున్నర లోతుండాలి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టండి. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది.

అసలు పని పూతకొచ్చాక. మన బోడకాకర పువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. పుప్పొడి మోసేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. పన్నెండో అంతస్తుదాకా అవేం వస్తాయి? దీపాలు పెట్టే వేళకు మగ పువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా రుద్దండి. తెల్లారితే పువ్వు వాడిపోతుంది. అమెరికా టైమింగ్స్‌లో లాగిన్ అయ్యేవాళ్లు ఈ పని అత్తగారికో పిల్లలకో అప్పగించాల్సిందే.

కాయతొలిచే పండు ఈగకు దుకాణంలో మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర చేతిలో పెడతారు. వద్దనండి, తీగజాతి కూరగాయలకు కావాల్సింది క్యూలూర్. లేదా పిందెకు పల్చటి వలసంచి కట్టండి. పన్నెండు, పదిహేను రోజులకు గింజ లేతగా ఉండగానే కోసేయండి.

కార్తీకం దాటాక తీగ ఎండిపోతుంది. చచ్చిందనుకుని కుండీ బోర్లించేవాళ్లే ఎక్కువ. తీగను జానెడు ఉంచి కోసి, నీళ్లు బాగా తగ్గించి, ఆడదేదో మగదేదో కుండీ మీద పెయింటుతో రాసుకోండి. వేసవిలో చిగురు కనిపించగానే పైమట్టి తీసి కొత్త ఎరువు వేయండి.