షేర్ మార్కెట్‌లో లాంగ్ టర్మ్ ఇన్వెస్ట్‌మెంట్: బిగినర్స్ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

20 వేల ఫోన్ కొనాలంటే పది రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా అన్నీ పోల్చుకుంటాం. అదే 20 వేలు షేర్లలో పెట్టాలంటే మాత్రం టెలిగ్రామ్‌లో ఎవరో చెప్పిన ఒక్క పేరు చాలు! నేనూ మొదట్లో అదే చేశాను. ఆ షేర్ సగానికి సగం పడిపోయింది. కంపెనీ ఏం తయారు చేస్తుందో కూడా అప్పటికి నాకు తెలీదు. ఆ తప్పు మీరు చేయకుండా ఈ ఆర్టికల్.

ముందు ఇవి చూసుకోండి

మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో పక్కన పెట్టండి. క్రెడిట్ కార్డ్ బాకీ ఉంటే ముందు అది తీర్చేయండి. ఐదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు మార్కెట్‌లో పెట్టొద్దు.

అకౌంట్ ఎలా ఓపెన్ చేయాలి?

షేర్లు కొనాలంటే డీమ్యాట్, ట్రేడింగ్ అకౌంట్లు కావాలి. పాన్, ఆధార్, బ్యాంక్ వివరాలుంటే ఫోన్‌లోనే పూర్తవుతుంది. బ్రోకర్‌కి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చెక్ చేయండి. నామినీ పేరు తప్పకుండా ఇవ్వండి. మీ షేర్లు బ్రోకర్ యాప్‌లో కాదు, సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్డీఎల్ అనే డిపాజిటరీలో ఉంటాయి.

వాట్సాప్ లింక్‌తో వచ్చిన ఏపీకే ఫైల్‌ను మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ఫేక్ ట్రేడింగ్ యాప్‌లో కనిపించే లాభం ఒట్టి స్క్రీన్ మీద నంబరే. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

మొదట ఏం కొనాలి?

బిగినర్స్‌కి నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ మంచి స్టార్టింగ్ పాయింట్. ఒకే ఫండ్‌తో 50 పెద్ద కంపెనీల్లో వాటా వస్తుంది. దీనికి డీమ్యాట్ కూడా అక్కర్లేదు, కేవైసీ చాలు. డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి, ఖర్చు తక్కువ.

నెలకు 1,000 రూపాయల సిప్ 20 ఏళ్లు కడితే మీరు పెట్టేది 2.4 లక్షలు. ఏడాదికి సగటున 10 శాతం వస్తుందనుకుంటే అది సుమారు 7.6 లక్షలవుతుంది. ఇది లెక్క మాత్రమే, గ్యారంటీ కాదు.

పడిపోతే?

పడుతుంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులోనే సుమారు 13 శాతం పడింది. భయపడి అమ్మినవాళ్లకు నష్టం ఖాయమైంది. అదే ఏడాది నవంబర్‌లో సెన్సెక్స్ పాత రికార్డును దాటేసింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకోదు, అందుకే ఐదేళ్లకు పైగా టైమ్ కావాలనేది.

ఎఫ్ అండ్ ఓ జోలికి వెళ్లొద్దు

2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ స్టడీ చెప్పింది. ఇంతకంటే నెగెటివ్ రివ్యూ ఏ ఫోన్‌కీ వచ్చి ఉండదు!

ట్యాక్స్

2024 జూలై 23 నుంచి ఉన్న రూల్ ప్రకారం, ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం. ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం వరకు ట్యాక్స్ లేదు, ఆపైన 12.5 శాతం.

చివరిగా ఒక సెట్టింగ్: సిప్ ఆన్ చేశాక యాప్ నోటిఫికేషన్లు ఆఫ్ చేసేయండి. రోజూ చూసినంత మాత్రాన డబ్బు త్వరగా పెరగదు, చెయ్యి మాత్రం అమ్మకం బటన్ మీదకు వెళ్తుంది.