సీనియర్ ఫోటోకు ఏ దుస్తులు?

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది, అంటే పన్నెండో తరగతి పిల్లలను ‘సీనియర్లు’ అంటారు. ఆ ఏడాది మొదట్లోనో, అంతకు ముందు వేసవి సెలవుల్లోనో ఒక్కొక్కరికీ విడిగా ఫోటో తీసి పాఠశాల ‘ఇయర్ బుక్’లో అచ్చువేస్తారు. హైదరాబాదు, గుంటూరు, కర్నూలుల నుంచి వెళ్ళి చికాగో, డాలస్ పరిసరాల్లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కూడా ఆ వరుసలో నిలబడతారు.

ఈ ఫోటోకు చాలా పాఠశాలల్లో ఒక ఆనవాయితీ ఉంది. అబ్బాయిలకు నల్ల కోటు, తెల్ల చొక్కా, బో టై. అమ్మాయిలకు ‘డ్రేప్’ అనే నల్ల వస్త్రం. దాన్ని ఫోటోగ్రాఫరే తెస్తాడు. మెడ, భుజాల పైభాగం కనబడేలా చుట్టి వెనుక బిగిస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. విశ్వాస స్త్రీలు తమ ఓణీలను ఎదపై కప్పుకోవాలని అన్-నూర్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. “ఒక్క నిమిషమే కదా అమ్మీ, అందరూ అలాగే దిగుతున్నారు” అని కూతురు అనవచ్చు. తీయడానికి నిమిషమే. కాని ఆ పుస్తకం తోటి విద్యార్థులందరి ఇళ్ళకూ వెళుతుంది, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు తిరగేస్తారు. కాబట్టి పరాయి పురుషుల ముందు పరదా ఎంత అవసరమో ఈ ఫోటోలోనూ అంతే అవసరం. (ఫోటో దిగడంపైనే ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ వేరు. ఇక్కడ మనం దుస్తుల సంగతే చూస్తున్నాం.)

చేయవలసిందేమిటి? ఫోటో రోజున గొడవపడటం కాదు, కొన్ని వారాల ముందే తల్లిదండ్రులు పాఠశాలకు మర్యాదగా ఉత్తరం రాయాలి. భయపడనవసరం లేదు. ఓక్లహోమా రాష్ట్రంలోని మస్కోగీలో 2003లో ఆరో తరగతి బాలికను హిజాబ్ ధరించిందని పాఠశాల సస్పెండ్ చేస్తే, అమెరికా న్యాయశాఖే ఆమె పక్షాన నిలిచింది. 2004లో రాజీ కుదిరి హిజాబుకు అనుమతి లభించింది.

డ్రేప్ తప్పదంటే, దాని కింద మెడదాకా ఉండే పూర్తి చేతుల నల్ల చొక్కా తొడుక్కుంటే సరిపోతుంది. లేదా సాదా అబాయా. గుడ్డ మందం మాత్రం తప్పక చూడాలి. ఇంట్లో దళసరిగా కనిపించిన జార్జెట్ స్టూడియో లైట్ల కింద పారదర్శకమైపోతుంది. బట్టలు కట్టుకునీ నగ్నంగా ఉండే స్త్రీల గురించి దైవప్రవక్త (సఅసం) చేసిన హెచ్చరిక (ముస్లిం) ఇలాంటి చోటే గుర్తు రావాలి. ముందురోజు దాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. వెనుక తెర నల్లదైతే నల్ల హిజాబ్ అందులో కలిసిపోయి ముఖమొక్కటే తేలినట్లుంటుంది. బూడిద రంగో, లేత నీలమో మేలు. మెరిసే పిన్నులు వద్దు, వెలుగు వాటిపై పడి తిరిగి కొడుతుంది.

అబ్బాయిలకు నియమాలు లేవనుకోవడం మన ఇళ్ళలో మామూలే. కాని బంగారం, పట్టు ఈ సముదాయపు పురుషులకు నిషిద్ధం (తిర్మిజీ). బో టై అసలు పట్టుదేమో లేబుల్ చూడాలి. పాలిస్టరుదైతే ఇబ్బంది లేదు. ఈ రోజుల్లోనే పిల్లలు ‘క్లాస్ రింగ్’ కొంటారు. అది బంగారానిది కాకుండా వెండిది తీసుకోవచ్చు. దైవప్రవక్త (సఅసం) వెండి ఉంగరమే ధరించారు (బుఖారీ).

చక్కగా కనబడాలనుకోవడం అహంకారం కాదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం గురించి అడిగినప్పుడు, సత్యాన్ని తిరస్కరించి జనాన్ని చిన్నచూపు చూడటమే అహంకారమని ఆయన వివరించారు (ముస్లిం). అయితే ఒక్క ఫోటో కోసం మూడు జతలు కొనడం దుబారా. అల్-ఆరాఫ్ సూరా 31వ ఆయతు అలంకరణను అనుమతిస్తూనే మితిమీరవద్దంటోంది. పండుగకు కుట్టించిన జత చాలు.

పట్టభద్రుల గౌనుతో దిగే ఫోటోకు ఇంత చిక్కు లేదు, ఆ గౌను వదులుగా, నిండు చేతులతోనే ఉంటుంది. పైన పెట్టే పలక టోపీ మాత్రం హిజాబ్ మడతలు లావైతే జారిపోతుంది. మడతలు తక్కువగా, తలకు అంటుకునేలా కట్టి, రెండు పక్కలా పిన్నులతో బిగించాలి.