రిలే పట్టుకోని రోజు కోసం

సాఫ్ట్ స్టార్ట్ బోర్డంటే ఏముంది, నాలుగు రెసిస్టర్లు, ఒక రిలే, కాస్త ఆలస్యం అంటారు కొత్తగా ఆంప్లిఫయర్లు కట్టే పిల్లలు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు అంతే. ఏదో ఒకటి చెడినప్పుడు ఏమవుతుందో ఆలోచించి గీసినదే నా దృష్టిలో మంచి బోర్డు. కింది లెక్కలన్నీ 500 వీఏ టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు చెబుతున్నవి.

1. స్విచ్ వేయగానే తగిలే దెబ్బ ఎక్కడినుంచి వస్తుందో ముందు తెలుసుకోండి. ఈ టొరాయిడ్ ప్రైమరీ చుట్ట నిరోధం రెండు మూడు ఓములే. మన 230 వోల్టుల సరఫరా శిఖరం 325 వోల్టులు. కోరులో పాత అయస్కాంతత్వం మిగిలి ఉండగా స్విచ్ వేస్తే కోరు నిండిపోతుంది, అప్పుడు కరెంటుకు అడ్డు ఉట్టి రాగితీగ మాత్రమే. అర్ధచక్రం పాటు వంద ఆంపియర్ల దాకా వెళ్లగలదు. పైగా ఖాళీ ఫిల్టర్ కెపాసిటర్లు తమ వాటా తాము లాగుతాయి. ఎంసీబీ పడిపోయేది, స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోయేది ఇందుకే.

2. జీరో క్రాసింగ్ సాలిడ్ స్టేట్ రిలే పెడితే సరిపోతుందని నమ్మకండి. హీటరుకు అది మేలు. ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం వోల్టేజి సున్నా దగ్గర కలపడమే అన్నిటికన్నా చెడ్డ క్షణం.

3. రెసిస్టర్లకు 150 ఓముల 10 వాట్లవి మూడు సమాంతరంగా వేస్తాను. మొత్తం 50 ఓములు. ఎంత లాగినా కరెంటు ఆర్‌ఎంఎస్ లెక్కన 4.6 ఆంపియర్లు దాటదు. అరసెకనులోపు రిలే వాటిని పక్కకు తప్పిస్తే అవి వేడెక్కవు కూడా.

రిలే పట్టుకోకపోతే? అసలు ప్రమాదం అక్కడుంది, ఎందుకంటే అది వెంటనే కనబడదు. పాట లేనప్పుడు ఆంప్లిఫయరు పావు ఆంపియరు లాగితే రెసిస్టర్లలో మూడు వాట్లే ఖర్చవుతాయి. చిన్న శబ్దానికి పాట చక్కగానే వస్తుంది. శబ్దం పెంచి ఒకటిన్నర ఆంపియర్లు లాగించారా, అక్కడే 110 వాట్లకు పైగా వేడి. 3.15 ఆంపియర్ల స్లో ఫ్యూజు ఆదుకుంటుందనుకోవద్దు. ఒకటిన్నర ఆంపియర్లు దానికి లెక్కే కాదు, గరిష్ఠంగా వచ్చే 4.6 ఆంపియర్లనైనా చాలాసేపు ఓర్చుకుంటుంది.

కాబట్టి థర్మల్ ఫ్యూజు తప్పనిసరి. దాని ఒళ్లు రెసిస్టర్లకు ఆనుకుని ఉండాలి, వాటితో సిరీస్‌లో ఉండాలి. చాలా రకాలకు ఆ లోహపు ఒంట్లోనూ కరెంటుంటుంది, అందుకని ఫైబర్‌గ్లాస్ స్లీవు తొడగండి. కాళ్లకు సోల్డర్ పెట్టేటప్పుడు నోస్ ప్లయరుతో పట్టుకోకపోతే ఆ వేడికే కాలిపోతుంది. రెసిస్టర్లను బోర్డుకు ఆనించకుండా ఎత్తుగా నిలపండి.

4. రెసిస్టర్ల బదులు ఎన్‌టీసీ థర్మిస్టరు వేసినా రిలే మానకండి. ఏబీ క్లాసులో కరెంటు ఒకేలా ఉండదు కనుక అది పూర్తిగా వేడెక్కదు. ఒకసారి వేడెక్కిందా, చల్లారడానికి నిమిషమో రెండో కావాలి.

5. కరెంటు పోయి క్షణంలో తిరిగొచ్చే ఊళ్లు మనవి. రిలే సరఫరాకు 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేస్తే, కరెంటు పోయాక కూడా రిలే ముప్పాతిక సెకను దాకా పట్టుకునే ఉంటుంది. ఆలోగా కరెంటు తిరిగొస్తే టొరాయిడ్ దెబ్బ నేరుగా పడుతుంది, బోర్డు ఉన్నా లేనట్టే. అక్కడ 100 నుంచి 220 చాలు. ఆలస్యాన్నిచ్చే కెపాసిటర్ కూడా వెంటనే ఖాళీ అయ్యేలా దాని రెసిస్టరుకు అడ్డంగా ఒక డయోడ్ వేయండి. ఈ ఒక్క డయోడ్ లేని బోర్డులు ఎన్నో రిపేరుకు నా దగ్గరికి వచ్చాయి.

6. రిలేకు విడిగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. డబ్బు కలిసొస్తుందని కెపాసిటర్‌తో వోల్టేజి తగ్గించే పద్ధతికి పోతే, పన్నెండు వోల్టుల వైపు తాకినా షాకే. ప్రాణం కన్నా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదైనది కాదు.

7. బోర్డు మీద మెయిన్స్ ట్రాకులకూ పన్నెండు వోల్టుల ట్రాకులకూ మధ్య నేను 8 మిల్లీమీటర్లు వదులుతాను. రిలే కింద రంపంతో గాడి కోయండి. స్క్రూ తలల చుట్టూ కూడా అంతే ఖాళీ కావాలి. మెయిన్స్ ట్రాకు మీద గ్రీన్ మాస్కు లేకుండా ఉంచి సోల్డర్ మందంగా పోయండి. హమ్ వస్తోందని ఛాసిస్ ఎర్త్ తీసేవాళ్లను చూస్తే నాకు భయం. అలా చేయకండి.

8. మొదటిసారి కరెంటు సిరీస్ బోర్డు గుండానే ఇవ్వండి, పాతకాలపు ఫిలమెంట్ బల్బుతో. ఎల్ఈడీ బల్బు ఆ పనికి రాదు. అంతా బాగుంటే సిరీస్ బోర్డు తీసేసి, రిలే కాయిల్ తీగ ఒకటి ఊడదీసి, ఆంప్లిఫయరును ఆరుబయట పెట్టి, దానికి డమ్మీ లోడు కట్టి శబ్దం పెంచండి. థర్మల్ ఫ్యూజు కాలాలి. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు ఒకటికి రెండు కొనుక్కోండి, ఈ పరీక్షకు ఒకటి పోతుంది. అది కాలకపోతే ఆ బోర్డును ఎవరి ఇంట్లోనూ పెట్టకండి.