ముందు తిరుగు టికెట్ కొనుక్కో

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. డిసెంబరులో శని, ఆదివారాలు హైదరాబాద్ వస్తున్నావు, మీ పుస్తకాల గ్రూపు వాళ్ళని మొదటిసారి కలుస్తున్నావు, అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈ మూడింట్లో చివరిది నాకు నచ్చలేదు, దాని సంగతి తర్వాత. ఫోన్లో చెబుదామంటే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగంలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటర్లో గడిచింది. అక్కడ ఇంకొకళ్ళ ఉత్తరాల మీద ముద్ర గుద్దడమే గానీ నేనుగా రాసి చాలా కాలమైంది. కాస్త ఓపిగ్గా చదువు.

మొహం చూడని వాళ్ళతో స్నేహమేమిటని మీ నాన్న విసుక్కుంటే పట్టించుకోకు. ఆ మాట అనే హక్కు వాడికి లేదు. మా చిన్నతనంలో పత్రికల్లో కలం స్నేహం అని వచ్చేది. పేరు, వయసు, హాబీలు, కింద ఇంటి నంబరుతో సహా చిరునామా అచ్చేసేవారు. మీ నాన్న స్టాంపుల పిచ్చితో అందులో పేరు వేయించుకున్నాడు. ఎక్కడెక్కడి వాళ్ళో రాసేవారు. వాళ్ళలో ఒక కర్నూలాయన వాడి పెళ్ళికొచ్చి పంక్తిలో సాంబారు కూడా వడ్డించాడు. మీ అమ్మనడుగు, చెబుతుంది. స్నేహం ఫోన్లో మొదలైందా పక్కింట్లో మొదలైందా అన్నది నాకు లెక్క కాదు. నా ఆలోచనంతా ఆ రెండు రోజుల గురించే.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వచ్చే టికెట్ చేయించుకునే ముందు తిరుగు టికెట్ చేయించుకో. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. క్రిస్మస్ దగ్గర పడ్డాక ఆదివారం సాయంత్రం బండికి బెర్తు దొరకడం కష్టం. ఎవరో విజయవాడ దాకా కార్లో దింపుతామన్నారని ఊరుకోకు. వాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు. అయినా ఒకళ్ళ కారెక్కి వెళ్ళాలంటే వాళ్ళు బయల్దేరినప్పుడే నువ్వూ బయల్దేరాలి.

పడక సంగతి కూడా అంతే. అందరూ కలిసి గచ్చిబౌలిలో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటున్నారనీ, మనిషికి 1,500 పంపమన్నారనీ రాశావు. పుస్తక ప్రదర్శన ఇక్కడ ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో, పడక ఎక్కడో గచ్చిబౌలిలో! ఈ ఊరు తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటులా లేదు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, రాయదుర్గంలో దిగి, మళ్ళీ ఆటో ఎక్కాలి. డబ్బు పంపే ముందు బుకింగ్ రసీదు అడుగు. మర్యాదస్తులెవరూ రసీదు అడిగితే నొచ్చుకోరు. నా మాట వింటే ఈసారికి అక్కడ పడుకోవద్దు. పగలంతా వాళ్ళతో తిరుగు, రాత్రికి మా ఇంటికి రా. వెనక గది నీకే. ఎన్నింటికొచ్చావని నేనడగను, మీ మావయ్య అడిగితే నేను చూసుకుంటా. అత్త ఇంట్లో ఉంటే సరదా పోతుందనుకుంటే, నువ్వూ మీ గ్రూపులోని ఆ నెల్లూరమ్మాయీ కలిసి దగ్గర్లో హోటల్ గది తీసుకోండి. అక్కడ ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు. దాని మీద చివరి 4 అంకెలే కనబడతాయి. ఉడాయ్ సైట్లో డౌన్‌లోడ్ అవుతుంది. వచ్చే ఏడాది ఇదే గుంపుతో ఒకే ఇంట్లో ఉంటానంటే నేను నోరెత్తను.

నువ్వు దీన్ని అనుమానం అంటావని తెలుసు. నేనలా అనుకోను. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వచ్చేయగలనన్న ధీమా ఉన్న మనిషే నిశ్చింతగా కూర్చుని నవ్వగలదు. ఆ వీలు లేకపోతే నచ్చని జోకుకీ నవ్వాలి, కడుపు నిండినా ఇంకో ముద్ద తినాలి, కళ్ళు మూతలు పడుతున్నా ఇంకో గంట కూర్చోవాలి. మన గోదావరి జిల్లాల వాళ్ళకి మొహమాటం అసలే ఎక్కువ. నీకు మీ నాయనమ్మ పోలిక వచ్చి మరీ ఎక్కువ. వద్దనడం చేతకాక పెళ్ళిళ్ళలో రెండు విస్తళ్ళ భోజనం తినే రకం నువ్వు. అలాంటిదానికి టికెట్టూ, పడకా, పర్సూ సొంతంగా ఉండి తీరాలి. అవి ఉంటే "ఇంక వెళ్ళొస్తానండీ" అన్న మాట నోట్లోంచి తేలిగ్గా వస్తుంది.

మిగతావి నీకూ తెలిసినవే, గబగబా చెప్పేస్తా. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకి పెట్టి నాకు పంపు. అయిపోతే మళ్ళీ పెట్టు. నేను పది నిమిషాలకోసారి చూస్తూ కూర్చోను, నాకు సీరియళ్ళున్నాయి. నీ గ్లాసు నీ ముందే ఉంచుకో, లేచి వెళ్ళొస్తే కొత్తది తెచ్చుకో. ఆపదొస్తే 112, డబ్బు మోసమైతే 1930. అక్కడ ఆంధ్రాలో స్త్రీశక్తి ఉచిత బస్సులకి అలవాటు పడ్డావు కదా, ఇక్కడ కూడా ఆధార్ చూపించేవు. ఇక్కడి మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. కండక్టరుతో వాదన పెట్టుకోకుండా టికెట్ కొను.

ఇంకో సంగతి. నువ్వు వాళ్ళని చూసి భయపడాలా వద్దా అని మనమందరం తర్జనభర్జన పడుతున్నాం. ఆ నెల్లూరమ్మాయి తల్లి కూడా ఈపాటికి "ఎవరా రాజమండ్రి పిల్ల, ఏం చేస్తుంది, వాళ్ళింట్లో తెలుసా" అని నిలదీస్తూనే ఉంటుంది. వాళ్ళకి నువ్వూ కొత్తే. అందుకని నువ్వే ముందు వీడియో కాల్ పెట్టించు. ఇంట్లో వాళ్ళని కూడా ఒక్క నిమిషం చూపించు, వాళ్ళ అమ్మకీ ప్రాణం కుదుటపడుతుంది. మీలో మారుపేరుతో రాసే అబ్బాయి వీడియోకి రానంటున్నాడన్నావు. దానికి సవాలక్ష కారణాలుంటాయి. ప్రభుత్వోద్యోగం కావచ్చు, ఇంట్లో చాదస్తపు తండ్రి కావచ్చు, వట్టి బిడియం కావచ్చు. నలుగురి మధ్యా కూర్చుని అతనితో హాయిగా మాట్లాడు. అసలు పేరు చెప్పమని సతాయించకు. అతనితో ఒక్కదానివే ఎక్కడికీ వెళ్ళకు. ఈ రెండూ ఒకేసారి చేయొచ్చు. ఫోటో తీసుకున్నాక అందరినీ అడిగే స్టేటస్‌లో పెట్టు. శనివారం ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చినవాళ్ళు ఒకరైనా ఉంటారు.

మొదటి గంట గురించి చెప్పాలి, నీకు అక్కడే దెబ్బ తగిలేట్టుంది. తెనాలి నుంచి నాకొకావిడ ఉత్తరాలు రాసేది. ఇన్‌లాండ్ కవరు లోపల చాలక, మడత పెట్టే అంచు మీద కూడా చీమల బారులా రాసేది. చదివిన నవలలు, పెరట్లో బావి, వదినగారి ఎత్తిపొడుపులు, అన్నీ అందులోనే. ఏదో పరీక్ష రాయడానికి హైదరాబాద్ వచ్చి, ఆబిడ్స్ జీపీఓ మెట్ల మీద నన్ను కలిసింది. ఆ పూటంతా కలిసి ఆవిడ నోట్లోంచి వచ్చినవి "ఊ", "అవునండీ", "మీరు చెప్పండి". నేను ఒక్కదాన్నే వాగి వాగి నోరు నొప్పెట్టి ఇంటికొచ్చాను. ఆవిడకి నేను నచ్చలేదనే నిశ్చయం చేసుకున్నా. తెనాలి చేరగానే ఉత్తరం రాసింది. నేనన్న ప్రతి మాటా అందులో ఉంది. నా చీర అంచు ఎలా ఉందో, టీ తాగేటప్పుడు నేను సాసర్ ఎలా పట్టుకున్నానో కూడా రాసింది. కొందరికి చేతిలో ఉన్నన్ని మాటలు నోట్లో ఉండవు. మీ గ్రూపులో రాత్రి రెండింటిదాకా గడగడా రాసేసేవాళ్ళు ఇక్కడ మెనూ కార్డు వెనక దాక్కోవచ్చు. ఎప్పుడూ బొటనవేలి గుర్తు తప్ప ఏమీ పెట్టని ఆ వరంగల్ డాక్టరమ్మే నీ పక్కన చేరి కబుర్లు చెప్పొచ్చు. ఆ ఒక్క రోజు చూసి ఎవరినీ కొట్టిపారేయకు.

కాబట్టి ఎక్కడ కలుసుకుంటారన్నది పెద్ద విషయమే. పుస్తక ప్రదర్శనలో శనివారం సాయంత్రం తొక్కిసలాటగా ఉంటుంది. ఒక పక్క వేదిక మీద ఆవిష్కరణ సభ మైకు, ఇంకో పక్క బజ్జీల క్యూ. ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి "అరె, నువ్వేనా" అనుకోవడానికి బావుంటుంది గానీ మాట్లాడుకోవడానికి పనికిరాదు. అక్కణ్ణించి బంజారాహిల్స్‌లో లమకాన్‌కి వెళ్ళండి. టీ, సమోసా చవక. పక్క బల్ల వాళ్ళకి వినబడేంత దగ్గరగా కూర్చుంటారు, అది కూడా మంచిదే.

అసలు మజా మాత్రం ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో ఉంది. ఆ రోజు కొట్లు మూసి ఉంటాయి కాబట్టి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. వంగి వెతకాలి. ఇంజనీరింగ్ గైడ్ల కింద తెలుగు నవల అట్ట ఊడిపోయి ఉంటుంది, మొదటి పేజీలో ఎవరో అన్నయ్య ఎవరో చెల్లెలికి పుట్టినరోజు కానుకగా రాసిచ్చిన సంతకం ఉంటుంది. అమ్మేవాడు ముందు నీ మొహం చూసి తర్వాత ధర చెబుతాడు, అందుకని దొరికిందని కళ్ళు వెడల్పు చేయకు. కొత్తవాళ్ళతో ఎదురెదురుగా కూర్చుంటే ఎటు చూడాలో తెలీదు. పక్కపక్కన నడుస్తూ, చేతికి పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. తర్వాత ఏదైనా ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఎవరి డబ్బులు వాళ్ళవి. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ అన్నీ ఈ రెండు రోజుల్లోనే ఇరికించకండి. ఊరు చూడ్డానికి ఇంకోసారి రావచ్చు.

ఇప్పుడు అమ్మ సంగతి. నేను ఇక్కడున్నానన్న ధైర్యంతో నువ్వు చెప్పకుండా వస్తే, రేపు వదినకి జవాబు చెప్పాల్సింది నేను. నాతో దొంగపని చేయించకు. ఈ ఆదివారం వంటింట్లో పక్కన కూర్చుని, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ చెప్పు. ఎవరెవరు వస్తున్నారో, ఎక్కడ కలుస్తున్నారో, రాత్రి ఎక్కడుంటావో అన్నీ ఒకేసారి చెప్పు. విడతలు విడతలుగా చెబితే తనకి అనుమానం పెరుగుతుంది. ముందు అరుస్తుంది. అరవనీ. కర్నూలాయన సాంబారు సంగతి అప్పుడు తీయి.

గోదావరి తెల్లవారకముందే సికింద్రాబాద్‌లో దింపుతుంది, మెట్రో మొదలవడానికి ఇంకా టైముంటుంది. ఆటోవాళ్ళు చుట్టుముడితే వెళ్ళకు. వెయిటింగ్ హాల్లో కూర్చో, మావయ్య స్కూటరు మీద వస్తారు. మాకు పూతరేకులు తేవద్దు, ఆయనకి షుగర్ మొన్న మళ్ళీ పెరిగింది. నీ స్నేహితులకి మాత్రం ఆత్రేయపురంవి తీసుకురా. బెల్లంవి, గట్టి అట్టపెట్టెలో పెట్టించు. బెర్తు కింద పెట్టావంటే పొద్దుటికి పొడే మిగులుతుంది.

ప్రేమతో,
అత్త